మన చేతి పని: కొళాయి నుంచి ఫ్లష్ ట్యాంకుకి, చుక్క కారకుండా

పోయిన నెల కొళాయి వాషరు మార్చడం గురించి రాశాను. అది చదివినవాళ్లు ముగ్గురు నలుగురు దారిలో ఆపి ఒకే మాట అడిగారు. "లెట్రిన్‌లో ఉండే కొళాయి నుంచి ఫ్లష్ ట్యాంకుకి మేమే కనెక్షన్ ఇచ్చుకోవచ్చా అన్నా? కారకుండా నిలుస్తుందా?"

ఇచ్చుకోవచ్చు. నిలుస్తుంది. అయితే మిల్లు వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పైపులు బిగించిన నేనే ఈ చిన్న పనిలో ఒకసారి తప్పు చేశాను. ముందు ఆ తప్పు చెప్తాను. అది తెలిస్తే పని సగం అర్థమైనట్టే.

మా వఠారంలో నాలుగిళ్లు. కింద ఒక సంపు, మిద్దె మీద వెయ్యి లీటర్ల సింటెక్సు ఒకటి. మీటరు ఒకటే. బిల్లు వస్తే నాలుగు భాగాలు. రెండో ఇంట్లో ఒక అవ్వ ఉంది. డెబ్బై దాటినాయి, మోకాళ్లు అరిగిపోయినాయి. కొడుకూ కోడలూ ఇద్దరూ పొద్దున ఎనిమిదికల్లా పనికి పోతారు. కోడలు గార్మెంట్స్‌లో చేస్తుంది, తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. లెట్రిన్‌కి పోయినాక బకెట్టు ఎత్తి నీళ్లు పోసే శక్తి అవ్వకి లేదు. పక్కింటివాళ్లని పిలవాలంటే సిగ్గు. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పొద్దున కాఫీ తాగితే మళ్లీ కోడలు వచ్చేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగేది కాదు. ఎండాకాలంలో మూత్రం మంట, జ్వరం వచ్చి ఆస్పత్రికి తీసుకుపోతే, డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "నీళ్లెందుకు తాగడం లేదమ్మా?" అని. అక్కడ అవ్వ నోరు విప్పలేదు. ఇంటికొచ్చినాక కోడలితో చెప్పుకుని ఏడ్చింది.

కొడుకు ఇంటి ఓనరుని ఒప్పించి, సగం ఖర్చు తాను పెట్టుకుని, కింద కూర్చునే బేసిన్ తీయించి కమోడ్ పెట్టించాడు. మేస్త్రీ గోడకి ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు తగిలించి పోయాడు. నీళ్ల కనెక్షన్ ఇవ్వాల్సిన ప్లంబరు రేపు, మాపు అంటూ వారం గడిపాడు. "మామా, నువ్వు ఫిట్టరు పని చేసినోడివే కదా, నువ్వే చూడరాదా" అన్నాడు ఆ అబ్బాయి.

చూశాను. శనివారం సాయంత్రం నా పాత పైప్ రెంచి తీసుకుని పోయి, అరగంటలో కనెక్షన్ ఇచ్చేశాను. మిల్లులో సైజింగ్ డిపార్టుమెంటుకి పోయే ఆవిరి లైన్లు బిగించిన చెయ్యి ఇది. అదే చేత్తో, అదే బలంతో ప్లాస్టిక్ నట్టుని కూడా బిగించాను. ఆ రాత్రి ఒక్క చుక్క కారలేదు. మీసం మెలేసుకుని పడుకున్నాను. రెండో రాత్రి ఎప్పుడో ఆ నట్టు పగిలింది. తెల్లవారి మొదటి ఇంటి చెల్లెమ్మ కొళాయి తిప్పితే గాలి వచ్చింది. వెయ్యి లీటర్లూ మోరీ పాలు. కావేరి నీళ్లు వచ్చే వంతు మళ్లీ మరుసటి రోజు. నాలుగిళ్లవాళ్లు ముఖం కడుక్కోవడానికి నీళ్లు లేవు. ట్యాంకరు తెప్పించి డబ్బు నేనే ఇచ్చాను. డబ్బుదేముంది, పోతే పోయింది. వరండాలో కూర్చున్న అవ్వ అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. "నా ఒక్కదాని కోసమే కదా ఇంత రభస. ఆ ట్యాంకు పీకేయండి నాయనా, నాకొద్దు."

ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఒకటే. నీళ్లని ఆపేది మన బలం కాదు. ఒక్కో జాయింటులో నీళ్లని ఆపే వస్తువు ఒకటి వేరే ఉంటుంది. ఒకచోట టేపు, ఇంకోచోట రబ్బరు వాషరు. దాని పని దాన్ని చేయనిస్తే చాలు.

లెక్క వేసి చూడండి. మన మిద్దె మీది ట్యాంకు లెట్రిన్ కొళాయికి పది అడుగుల పైన ఉందనుకుందాం. అంత ఎత్తు నీళ్ల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 300 గ్రాములు. అర అంగుళం రంధ్రం మీద పడే బరువు అర కిలో కూడా ఉండదు. మిల్లు ఆవిరి లైనులో ఇదే ఒత్తిడి ఎన్నో కిలోలు ఉండేది. అర కిలో బరువుని ఆపడానికి రెండడుగుల రెంచి పట్టుకుని వేలాడటం నా తెలివితక్కువ.

ఏమేం కొనాలి

మన లెట్రిన్లలో సాధారణంగా గోడకి ఒకే కొళాయి ఉంటుంది. కడుక్కోవడానికి అదీ కావాలి, ఫ్లష్ ట్యాంకుకి నీళ్లూ కావాలి. హార్డ్‌వేర్ షాపులో "టూ వే కొళాయి" అని అడగండి. దానికి కింద మామూలు కొళాయి మూతి, పక్కన మరలు ఉన్న ఇంకో మూతి ఉంటాయి. రెండింటికీ వేరువేరు పిడులు. పాత కొళాయి తీసి దీన్ని పెడితే సరిపోతుంది, గోడ పగలగొట్టే పని లేదు.

దాంతోపాటు ఒక కనెక్షన్ పైపు, రెండు మూడు టెఫ్లాన్ టేపులు, రెండు అర అంగుళం రబ్బరు వాషర్లు విడిగా తెచ్చుకోండి. కనెక్షన్ పైపుతో వాషర్లు వస్తాయి కానీ, ఒక్కోసారి ఒక చివర వాషరే ఉండదు. షాపులోనే రెండు చివరలూ తిప్పి చూసుకోండి. పైపు పొడుగు తెలియాలంటే ఒక దారం తీసుకుని, కొళాయి పక్క మూతి నుంచి ట్యాంకు మూతి దాకా కొంచెం వంపుతో పట్టి కొలవండి. పైపు లాగి బిగించినట్టు ఉండకూడదు, మడత పడి నలిగినట్టూ ఉండకూడదు. లాగితే నట్టు వాలుతుంది, వాషరు ఒక పక్కే నొక్కుకుంటుంది, రెండో పక్క నుంచి కారుతుంది.

షాపులో స్కేలు పెట్టి కొలిచి మోసపోకండి. "అర అంగుళం" కొళాయి మరలు బయటి నుంచి కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటాయి. అర అంగుళం అనేది పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పాత పేరు. మీరు "అర అంగుళం" అనే అడగండి, సరైనదే ఇస్తారు.

పనికి ముందు

పొద్దున పూట మొదలుపెట్టండి. ఏదైనా విరిగితే షాపు తెరిచి ఉండాలి. నాలా శనివారం సాయంత్రం పెట్టుకోవద్దు. వఠారంలో ఉంటే అందరికీ ముందే చెప్పండి. "గంటసేపు నీళ్లు ఆపుతున్నాం, రెండు బిందెలు పట్టి పెట్టుకోండమ్మా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ట్యాంకు నుంచి దిగే లైనుకి ఉన్న గేట్ వాల్వు తిప్పి ఆపండి. ఆపి, లెట్రిన్ కొళాయి తెరిచి చూడండి. పైపులో మిగిలిన నీళ్లు పోయి పూర్తిగా ఆగాలి. కొన్ని పాత వాల్వులు ఎంత తిప్పినా సన్నగా వదుల్తూనే ఉంటాయి. అలా ఉంటే ముందు ఆ వాల్వు బాగు చేయించండి. కొళాయి ఊడదీశాక ఆ సంగతి తెలిస్తే బొటనవేలు అడ్డం పెట్టుకుని నిలబడాల్సి వస్తుంది.

పాత కొళాయిని స్క్రూ స్పానరుతో పట్టి, గడియారం ముల్లుకి ఎదురుగా నెమ్మదిగా తిప్పండి. కదలకపోతే కుదపొద్దు. మన పాత ఇళ్లలో గోడ లోపల ఇనప పైపులు తుప్పు పట్టి ఉంటాయి. కొళాయితో పాటు గోడలోని ఎల్బో కూడా తిరిగిందంటే గోడ పగలగొట్టాల్సిందే. రెండు మూడుసార్లు మెల్లగా ప్రయత్నించి, రాకపోతే ప్లంబరుని పిలవండి. ఇక్కడ పంతం పనికిరాదు.

కొళాయి వచ్చేశాక గోడలోని మరలకి అంటుకున్న పాత టేపు ముక్కలు, నార, తుప్పు అంతా పాత పళ్ల బ్రష్షుతో శుభ్రం చేయండి. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. గోడ రంధ్రానికి ఎదురుగా బకెట్టు పట్టుకుని, గేట్ వాల్వు కొంచెం తెరిపించి, అర నిమిషం నీళ్లు వదిలించండి. లోపలి తుప్పు, ఇసుక బయటికొచ్చేస్తాయి. అది లోపలే ఉంటే నేరుగా ఫ్లష్ ట్యాంకు ఫ్లోట్ వాల్వులోకి పోతుంది. దాని రంధ్రం చాలా సన్నం. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, ట్యాంకు పొంగుతూనే ఉంటుంది.

టేపు చుట్టడం

గోడలోకి పోయే మరలకి టేపు కావాలి. మా చిన్నప్పుడు దీనికి నార చుట్టి తెల్ల రంగు పూసేవాళ్లు. ఇప్పుడు టెఫ్లాన్ టేపు వచ్చి పని శుభ్రమైంది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్ గ్యాసు కోసం ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికిన పదార్థం అది. అది జిగురు కాదు, దేన్నీ అంటించదు. మరల మధ్య సందుల్లో నలిగి నిండుతుంది, అంతే. అందుకే ఎటు చుట్టామన్నది ముఖ్యం.

స్పిన్నింగులో పని చేసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. నూలుకి మెలి ఒక వైపు ఉంటే, అదే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే విడిపోతుంది. టేపు కూడా అంతే. కొళాయి మరల చివర మీ ముఖం వైపు పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. అప్పుడు కొళాయిని గోడలోకి తిప్పుతుంటే టేపు ఇంకా బిగుస్తుంది. ఎదురు చుడితే రెండో చుట్టుకే ముడతలు పడి బయటికి తోసుకొచ్చేస్తుంది.

మొదటి మర ఖాళీగా వదలండి, లేకపోతే టేపు తునక లోపలికి పోయి అడ్డం పడుతుంది. అక్కడి నుంచి టేపుని కొంచెం లాగి పట్టుకుని, సగం మీద సగం పడేలా ఎనిమిది నుంచి పది చుట్లు చుట్టండి. వేలితో నొక్కితే మరల ఆకారం కనిపించాలి.

ఇప్పుడు టూ వే కొళాయిని చేత్తో లోపలికి తిప్పండి. వంకరగా పోతున్నట్టు అనిపిస్తే తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. చేత్తో ఎంతవరకు పోతే అంతవరకు పోయాక, స్పానరుతో ఇంకో చుట్టు, చుట్టున్నర. మూతి కిందికి వచ్చేలా ఆపండి. ఆ చోటు దాటి కొంచెం ఎక్కువ తిరిగిపోతే వెనక్కి తిప్పొద్దు. వెనక్కి తిప్పితే నలిగిన టేపు సందు వదులుతుంది, అక్కడి నుంచి కారుతుంది. బిగువు చూసుకుని ఇంకో చుట్టు ముందుకే పోనివ్వండి, లేదా పూర్తిగా తీసి కొత్త టేపు చుట్టండి. టేపుకి అయ్యే ఖర్చెంత, నీళ్లకి అయ్యే ఖర్చెంత!

కనెక్షన్ పైపు: ఇక్కడే నేను పడ్డాను

కనెక్షన్ పైపు రెండు చివరలా నట్టు ఉంటుంది, నట్టు లోపల వాషరు ఉంటుంది. ఇక్కడ నీళ్లని ఆపేది వాషరు. టేపు కాదు. చాలామంది జాగ్రత్త అనుకుని ఇక్కడ కూడా టేపు చుడతారు. దాంతో ఆ మందానికి నట్టు మధ్యలోనే బిగుసుకుని, వాషరు దాకా పోదు. బిగిసినట్టే ఉంటుంది, కారుతూనే ఉంటుంది.

మొదట కొళాయి పక్క మూతికి నట్టు చేత్తో తిప్పండి. వాషరు పడుకుని ఉందా, ముడుచుకుందా చూసుకోండి. చేత్తో గట్టిగా బిగిశాక స్పానరుతో పావు చుట్టు. అంతే.

తర్వాత ట్యాంకు చివర. ఇక్కడ మరలు ప్లాస్టిక్‌వి. ఒక చెయ్యి ట్యాంకు లోపల పెట్టి ఫ్లోట్ వాల్వు తిరగకుండా పట్టుకోండి. పట్టుకోకపోతే మీరు నట్టు తిప్పుతుంటే లోపల వాల్వు కూడా తిరిగి, బంతి పోయి ట్యాంకు గోడకి ఆనుకుంటుంది. రెండో చేత్తో నట్టు బిగించండి. ఇక్కడ స్పానరు అవసరం చాలాసార్లు రాదు. కావాలంటే గుడ్డ వేసి పట్టుకుని చేత్తోనే ఇంకొంచెం. ప్లాస్టిక్ వెంటనే పగలదు, అదే దాని మోసం. సన్నని చీలిక పడి, ఒకటి రెండు రోజులు ఓర్చుకుని, అందరూ నిద్రపోయినాక విడుస్తుంది. ఆ రోజు నాకు జరిగింది అదే.

వాల్వుని ట్యాంకు గోడకి పట్టి ఉంచే పెద్ద నట్టు కూడా ఒకసారి చూసుకోండి. దాని వాషరు ట్యాంకు లోపలి వైపు ఉండాలి, నట్టు బయటి వైపు.

నీళ్లు వదిలాక

గేట్ వాల్వు ఒక్కసారిగా తెరవకండి. మెల్లగా, గాలి పోనిస్తూ తెరవండి. జాయింట్లన్నీ పొడి గుడ్డతో తుడవండి. ఒక్కో జాయింటు కింద పొడి న్యూస్‌పేపరు ముక్క పెట్టండి. కంటికి కనిపించని చెమ్మని కూడా కాగితం చూపిస్తుంది. పది నిమిషాలకి ఒకసారి, గంటకి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడండి. మూడుసార్లూ పొడిగా ఉంటేనే పని అయినట్టు.

చెమ్మ కనిపిస్తే కంగారుగా అన్నీ బిగించేయకండి. చుక్క ఎక్కడ రాలుతుందో అక్కడే పుట్టిందని కాదు, పైనుంచి పైపు వెంబడి జారి వస్తుంది. పైనుంచి కిందికి తుడుచుకుంటూ రండి. ఏది మొదట తడుస్తుందో అదే దొంగ. గోడ దగ్గరైతే కొళాయి తీసి కొత్త టేపు. నట్టు దగ్గరైతే విప్పి వాషరు చూడండి, సరిగా కూర్చోబెట్టండి, అరిగితే మార్చండి. వాషరు చెడిపోతే ఎంత బిగించినా లాభం లేదు.

చివరగా బంతి ఎత్తు. ట్యాంకులో నీళ్లు నిండి ఆగినప్పుడు, పొంగు గొట్టం మూతికి ఒక అంగుళం కిందనే ఆగాలి. ఎక్కువైతే బంతిని కిందికి దించండి.

చప్పుడు లేని కారుడు

బయటికి కారితే కంటికి కనిపిస్తుంది. ట్యాంకు నుంచి కమోడ్‌లోకి లోలోపలే కారేది కనిపించదు. దీనికి మా ఇంటావిడ చెప్పిన చిట్కా ఒకటుంది. రాత్రి పడుకునే ముందు ట్యాంకులో నాలుగు చుక్కలు బట్టల నీలిమందు వేయండి. ఫ్లష్ కొట్టకుండా అరగంట ఆగండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే లోపలి రబ్బరు సరిగా మూసుకోవడం లేదని అర్థం.

ఎంత కారుతోందో కొలవాలంటే గ్లాసు చాలు. 200 మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషాల్లో నిండితే గంటకి లీటరుంబావు దాకా. రోజుకి 28 లీటర్లు దాటుతుంది. నెలకి 860 లీటర్లు. అంటే మా వఠారం సింటెక్సు దాదాపు ఖాళీ. ఆ బిల్లు కారే ఇల్లు ఒక్కటే కట్టదు, నాలుగిళ్లూ కడతాయి. "మీ ఇంటిదే కారేది" అని మొదలైన మాట ఎంత దూరం పోతుందో వఠారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త

కొందరు ఇంత తతంగం ఎందుకని కొళాయి మూతికి రబ్బరు ట్యూబు తొడిగి, బైండింగ్ వైరు కట్టి, రెండో చివర ఫ్లష్ ట్యాంకులోకి దించేస్తారు. ఇది వద్దు. రెండు కారణాలు.

ఒకటి, కొళాయి రాత్రింబగళ్లు తెరిచే ఉండాలి. ట్యూబు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, ఇల్లంతా నీళ్లు.

రెండోది ఇంకా పెద్దది. మనకి నీళ్లు రోజంతా రావు. జలమండలి లైను ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతూ వెనక్కి పీలుస్తుంది. ట్యూబు చివర నీళ్లలో మునిగి ఉంటే ఆ లెట్రిన్ నీళ్లు తాగే నీళ్ల పైపులోకి పోతాయి. బకెట్లో ముంచి వదిలేసిన ట్యూబుకీ ఇదే ప్రమాదం. అందుకే ఫ్లష్ ట్యాంకు కనెక్షన్ ఎప్పుడూ మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే లైనుకే ఇవ్వాలి, వీధి నుంచి నేరుగా వచ్చే కావేరి లైనుకి ఇవ్వకూడదు. ఫ్లోట్ వాల్వు నుంచి నీళ్లు పడే చోటు కూడా నిలిచిన నీళ్లకి పైనే ఉండాలి. తాగే నీళ్లు పట్టుకునే కొళాయి వేరుగా ఉంచుకోండి.

ఈ నీళ్లు మన దాకా ఎలా వస్తున్నాయో గుర్తుంటే చుక్క కారినా ప్రాణం ఒప్పదు. బెంగళూరు జలమండలి 1964లో ఏర్పడింది. కావేరి నీళ్లు మొదట ఊళ్లోకి వచ్చింది 1974లో. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న తొరెకాడనహళ్లి నుంచి, హారోహళ్లి, తాతగుణి దగ్గర మళ్లీ మళ్లీ పంపు కొట్టి, సుమారు అర కిలోమీటరు ఎత్తు ఎక్కించి తెస్తున్నారు. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు ఊరు పడ్డ కష్టం మనం చూశాం. తాగే నీళ్లతో బండి కడిగితే అయిదు వేల జరిమానా అన్నారు. ఆ ఏడాది అక్టోబరులో అయిదో దశ నీళ్లు కూడా మొదలయ్యాయి. ఎన్ని దశలు వచ్చినా మన వాషరు మనమే చూసుకోవాలి.

పాత పది లీటర్ల ఫ్లష్ ట్యాంకు ఉన్నవాళ్లకి ఇంకో చిన్న మాట. లీటరు బాటిల్లో నీళ్లు నింపి, మూత పెట్టి, బంతికి తగలకుండా ట్యాంకులో ఒక మూల నిలబెట్టండి. ఫ్లష్ కొట్టిన ప్రతిసారీ లీటరు మిగులుతుంది. అయిదుగురున్న ఇంట్లో రోజుకి పదిహేనుసార్లు అనుకుంటే పదిహేను లీటర్లు. కొత్తగా కొనేవాళ్లు రెండు బటన్లున్నది అడగండి. చిన్నదానికి మూడు, పెద్దదానికి ఆరు లీటర్లే పోతాయి. ఊరికి పోయేటప్పుడు టూ వే కొళాయి పక్క పిడి ఆపి పోండి.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. ట్యాంకరు వచ్చిన రోజే, పీకేయమని ఆమె అంటున్నా వినకుండా, కొత్త నట్టూ వాషరూ తెచ్చి మళ్లీ బిగించాను. ఈసారి రెంచి ఇంట్లోనే పెట్టి పోయాను. మిగతా మూడిళ్లవాళ్లు ఒక్క మాట అనలేదు. మొదటి ఇంటి చెల్లెమ్మే వచ్చి కాగితం ముక్కలు పెట్టి, రాత్రి పదకొండింటికి టార్చి వేసి చూసి, "పొడిగానే ఉంది అన్నా, పడుకో" అని చెప్పి పోయింది. మూడు రోజులు నాలుగిళ్లవాళ్లూ వంతులేసుకుని చూశారు.

అయినా అవ్వకి వారం దాకా ఆ బటన్ నొక్కాలంటే భయమే. మళ్లీ ఏదైనా పగుల్తుందేమోనని. కోడలు పక్కన నిలబడి నాలుగుసార్లు నొక్కించింది. ఇప్పుడు మధ్యాహ్నం నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే ఆమె తన గుమ్మంలో కూర్చుని ఉంటుంది. పక్కన ఇత్తడి చెంబు నిండా నీళ్లు. నేను చూస్తున్నానని తెలిస్తే, కావాలనే చెంబెత్తి రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని నవ్వుతుంది.

వచ్చే నెల సంపు కడగడం, బ్లీచింగ్ పౌడరు ఎంత కలపాలి అనేది రాస్తాను. మీ ఇంట్లో కారే జాయింటు ఏదైనా ఉంటే ఈ ఆదివారం పొద్దునే చూడండి. రెంచి మాత్రం పక్కన పెట్టండి.